అరవై మూడో పేజీ

ఏప్రిల్ 9

సభ పుస్తకం వచ్చింది, ఈసారి ఓటుకు పెట్టే ప్రతిపాదనలన్నీ అందులోనే ఉంటాయి. నూట నలభై పేజీలు. మే మొదటి ఆదివారం గ్లారుస్ మైదానంలో నిలబడి ఓటు కార్డు ఎత్తే వాళ్ల ఇళ్లన్నిటికీ వస్తుంది. మా అన్నయ్య కాస్పర్ తనదాన్ని ఏటా లాగే ఊగే టేబుల్ కాలి కింద పెట్టాడు. నాది ఫ్రిజ్ మీద పడేశాను. అంతా ఫోన్‌లో వస్తూనే ఉంది, మళ్లీ చదవడమెందుకు?

ఏప్రిల్ 14

ఫోన్‌లో వచ్చిన వీడియో నాలుగుసార్లు చూశాను. మా వృద్ధాశ్రమం మూసేస్తారట, ముసలివాళ్లను ఎక్కడికో తోలేస్తారట. ఒళ్లు మండిపోయింది. పంతొమ్మిదేళ్లుగా అక్కడ వండిపెడుతున్నదాన్ని, నాకు చెప్పకుండానా! బేకరీలో, బస్సులో, చర్చి మెట్ల మీద కనిపించిన వాళ్లందరికీ సభలో వద్దని కార్డు ఎత్తమని చెప్పాను. పద్నాలుగు మంది మాటిచ్చారు. నేను గట్టిగా చెబితే మా లోయలో కాదనేవాళ్లు తక్కువ.

ఏప్రిల్ 22, మధ్యాహ్నం

ఆశ్రమంలో ఉండే రీనర్ బామ్మ నా పరువు తీసింది. ఆవిడకు తొంభై ఒకటి. భూతద్దంతో పుస్తకం మొత్తం చదివిందట. నేను సూప్ వడ్డిస్తూ వీడియో గురించి ఊదరగొడుతుంటే, అరవై మూడో పేజీ చూశావటే పిల్లా అంది. లేదన్నాను. అయితే నోరు మూసుకుని ఇంకో గరిటె పొయ్యవే అంది.

అదే రోజు, నాలుగు గంటలకు

చదివాను. ఆశ్రమం మూయరు. మూడు ఆశ్రమాలను ఒకే నిర్వహణ కింద కలిపి, మా దానికి కొత్త పైకప్పు, లిఫ్ట్ ఇస్తారు. వద్దంటే రిపేర్లు జరగవు, ఆరేళ్లకు మూతపడుతుంది. అవునంటే మాత్రం భోజనం గ్లారుస్ నుంచి వస్తుంది.

అంటే మూసేది నా వంటగదిని.

ఏప్రిల్ 24

పుస్తకం పంపిన ఆఫీసుకు ఫోన్ చేసి అరగంట సతాయించాను. పుస్తకంలో ఉన్నదే చెప్పారు. వీడియో చేసినాయనకూ చేశాను. మూసేస్తారని ఎక్కడ రాశారండీ అంటే, జనం బాధ పేజీల్లో ఉండదమ్మా అన్నాడు. మంచి గొంతు. ఫోన్ పెట్టేశాను.

ఏప్రిల్ 28

పద్నాలుగు మంది దగ్గరికీ మళ్లీ వెళ్లాను. తప్పు చెప్పాను, అరవై మూడో పేజీ చదివి మీ ఇష్టం వచ్చినట్టు ఎత్తండి అన్నాను. సిగ్గేసింది. అయినా ఎవరినీ వదల్లేదు. బేకరీ ఆవిడ, పిచ్చెక్కిందా, పోయేది నీ ఉద్యోగమే కదా అంది.

కాస్పర్ అయితే చిందులు తొక్కాడు. నీ కోసమే కదే వద్దని ఎత్తేది, నీ పొయ్యిని నువ్వే తన్నుకుంటావా అన్నాడు. ముందు చదువన్నయ్యా అన్నాను. తీస్తే టేబుల్ ఊగుతుందన్నాడు.

మే 1

భయం లేదు. కాస్త ఉంది.

మే 4, ఆదివారం

ఎప్పటిలాగే కాస్పర్ పక్కన నిలబడ్డాను. మా ఆశ్రమం విషయం రాగానే అవుననేవాళ్లు ఎత్తమన్నారు. ఎత్తాను. ఎల్సీ, దించవే, అని అందరూ వినేలా అరిచాడు. దించలేదు.

ఏ వైపు కార్డులు ఎక్కువో వేదిక మీది పెద్దాయన కంటితోనే తేల్చాలి. తేలలేదు. మళ్లీ ఎత్తించాడు. మూడోసారీ ఎత్తించాడు. చెయ్యి లాగేస్తున్నా ఎత్తాను. మూడోసారి వద్దనేవాళ్ల వంతు వచ్చినప్పుడు కాస్పర్ కార్డు జేబులోంచి బయటికి రాలేదు.

అవునన్నదే గెలిచింది. తిరిగొచ్చి నలభై రెండు మందికి దూడమాంసం సాసేజులు, బంగాళాదుంప ముద్ద, ఉడికించిన ప్లమ్స్ వడ్డించాను. గిన్నెలు కడుగుతూ బాగా ఏడ్చాను. అయినా రేపు ఎత్తమన్నా అదే ఎత్తుతాను.

మే 5

కాస్పర్ ఫోన్ చేశాడు. ఎన్నో పేజీ అని అడిగాడు.