దాచిన మందు

కోట, 11 సెప్టెంబరు 1965

స్కూలుకు సెలవు పెట్టి నెల్లూరు వెళ్లాను. ఇన్సులిన్ లేదు. పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చిందని అమెరికా సాయం ఆపేసిందట, దిగుమతికి లైసెన్సులు రావడం లేదట. మెడికల్ షాపు పద్మనాభయ్యగారు నా ముఖం చూడకుండా చెప్పారు.

తిరుగు బస్సులో మా వీధి టైలరు నాగుల్ మీరా కనిపించాడు. ఆయనదీ నా జబ్బే, షుగరు. షాపులో చివరి సీసా ఆయనకే దొరికిందట. ఆ మాట అనేసి, అనకుండా ఉండాల్సిందన్నట్టు కిటికీ వైపు తిరిగాడు.

14 సెప్టెంబరు

నా సీసా అడుగంటుతోంది. ఈ రోజు నుంచి సగం డోసు. అమ్మకు రాయలేదు. బుచ్చిరెడ్డిపాలెంలో కూర్చుని ఆవిడ మాత్రం ఏం చేస్తుంది?

19 సెప్టెంబరు

ఒకటే దాహం. టెస్ట్‌ట్యూబులో నీలం మందు పోసి మూత్రం కాస్తే ఇటుక రంగు తిరిగింది, చక్కెర బాగా పెరిగినట్టే. బోర్డు మీద నేను రాసిన అక్షరాలు నాకే మసకగా ఉన్నాయి.

24 సెప్టెంబరు

యుద్ధం ఆగింది. హెడ్‌మిస్ట్రెస్ ప్రమీలమ్మగారు స్కూల్లో లడ్లు పంచారు. మందు ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్లు లేరు.

29 సెప్టెంబరు

నాగుల్ మీరా పోయాడు. కాలి పుండు విషమించిందట. వెళ్లాను. జనం పలచగా ఉన్నారు. యుద్ధం మొదలైన దగ్గర్నుంచి ఊళ్లో కొందరు వాళ్లకు బట్టలు కుట్టడానికి ఇవ్వడం మానేశారు.

ఏడుస్తున్న ఆయన భార్య జమాల్‌బీని చూస్తుంటే నాకు ఆయనకు దొరికిన ఆ చివరి సీసా గుర్తొచ్చింది. సిగ్గేసింది. వచ్చేశాను.

3 అక్టోబరు

పొద్దున మంచం దిగలేకపోయాను. వాంతులు. తలుపు కొట్టిన చప్పుడు. జమాల్‌బీ! భర్త పోయినవాళ్లు వాళ్లలో నాలుగు నెలలు గడప దాటరు. నిండా దుప్పటి కప్పుకుని వచ్చింది. చేతిలో సీసా, సగానికి పైగా మందుతో.

"రోజు మార్చి రోజు ఏసుకుంటా దాచినాడు టీచరమ్మా. దాచిన మందు మిగిలింది, మనిషి మిగల్లా. నువ్వు దాచుకోబాకు."

సిరంజి ఉడకబెట్టి, తనే ఇంజెక్షన్ చేసింది. నాకంటే మెత్తటి చెయ్యి.

8 అక్టోబరు

స్కూలుకు వెళ్లే ముందు నేనే వాళ్లింటికి వెళ్తున్నాను. నేను వేసుకోగలనంటే వినదు. ఇన్నేళ్లూ ఆయనకు తనే వేసేదట, పొద్దునయ్యేసరికి చెయ్యి ఊరుకోవడం లేదట.

21 అక్టోబరు

షాపుకు స్టాకు వచ్చింది. కొత్త సీసా తీసుకుని బస్సు దిగి, ఇంటికి పోకుండా నేరుగా జమాల్‌బీ దగ్గరికి వెళ్లాను. సీసా ఆమె చేతికిచ్చి, జాకెట్టు చెయ్యి పైకి మడుచుకున్నాను.