పురిటికి పంపిన సంచి

అమ్మా,

మన జ్యోతికి నెలలు నిండాయి. నువ్వుండి ఉంటే నాకీ దిగులు ఉండేది కాదు.

పురిటికి ఇంటికి వెళతానని నేను పనిచేసే ఇంటి మేడమ్‌ని అడిగాను. ఆవిడకీ ఇదే నెల. "నా కాన్పయ్యాక వెళ్లు" అని తెగేసి చెప్పింది. ఆవిడ భర్తే నా కఫీల్, అంటే నన్ను వీసా ఇచ్చి రప్పించిన పూచీదారు. ఆయన దేశం దాటడానికి ఎగ్జిట్ కాగితం ఇవ్వందే నేను రియాద్‌లో విమానం ఎక్కలేను.

పైగా నిన్న ఇక్కడి మలాజ్ పేటలోని కొట్టుకి నన్నే వెంటబెట్టుకెళ్లి, పుట్టబోయే బిడ్డకి ఏమేం కావాలని నన్నే అడిగింది. మెత్తటి గుడ్డలు, టోపీ, దోమతెర అని చెబుతూనే ఉన్నాను. లోపల మాత్రం మండిపోయింది.

పక్కింట్లో పనిచేసే రత్నం ఊరెళుతోంది. "చిన్న సంచైతే పట్టుకెళ్తానక్కా, అంతకుమించి నావల్ల కాదు" అంది. బిడ్డకి గౌన్లూ బూట్లూ సర్దాను, ఇంకేం పంపమంటావని జ్యోతికి ఫోన్ చేశాను.

"అయ్యన్నీ ఇక్కడ దొరుకుతాయమ్మా. నువ్వెప్పుడొస్తావో అది చెప్పు."

నాకు కోపం మేడమ్ మీద. కసిరింది మాత్రం దాన్ని.

ఫోన్ పెట్టేశాక, సంచిలో సర్దిన గౌన్లూ బూట్లూ తీసేశాను. నేను రోజూ కట్టే నేత చీర ఉతికి, చింపి, పొత్తిగుడ్డలుగా మడిచి పెట్టాను. జ్యోతి పుట్టినప్పుడు నువ్వూ నీ చీరే చింపావు. బిడ్డని నీ చేతుల్లోకి తీసుకుని నువ్వే తుడిచావు.

రేపు ఆ గుడ్డ పరిచి బిడ్డని అందుకునేది ఎవరో జ్యోతి చెప్పలేదు. నేనూ అడగలేకపోయాను.