నాలుగు గాడుల స్టాండు

ఫిబ్రవరి 1
అప్పలనాయుడు ఇవాళ మూడుసార్లు పేక ముక్కలు జారవిడిచాడు. పక్షవాతం వచ్చి లేచిన దగ్గర్నుంచి రెండు చేతులకీ పట్టు లేదు. కింద పడ్డవన్నీ చూశాను. చూడనట్టు కూర్చున్నాను. ఆట నాదే.

ఫిబ్రవరి 3
"ఇంక నాను రాను బావా" అన్నాడు ఫోన్లో. వాడు రాకపోతే ఉగాది రమ్మీ కప్పు ఎవరి మీద గెలవాలి? తెలుగు సంఘం హాల్లో ఏటేటా వాడే ఎత్తాడు. నేను చప్పట్లు కొట్టాను. ఇంకొకడి మీద గెలిస్తే అదీ ఒక గెలుపా.

ఫిబ్రవరి 6
ఇంట్లో పడౌకు చెక్క ఉంది. చాతం రంపపు మిల్లులో ముప్పై ఏళ్ళు చెక్క కోసిన చెయ్యి ఇది. ముక్కలు నిలబెట్టుకునే స్టాండు చేశా. నాలుగు గాడులు. ఒకటే పొడుగు గాడి తియ్యొచ్చు. తియ్యలేదు.

ఫిబ్రవరి 7
మిన్నీ బేలో వాడింటికి వెళ్ళి ఇచ్చా. వాడి పెళ్ళాం రవణమ్మ కళ్ళు తుడుచుకుంది. "మీలాటోలు ఉంటారేటి అన్నయ్యా." టీలో చక్కెర ఎక్కువ.

ఫిబ్రవరి 8
అనుకున్నట్టే. వాడు పొందికైన మనిషి — సెట్టుకో గాడి, సీక్వెన్సుకో గాడి. ఎదురుగా కూర్చుంటే ముక్కల వీపులు లెక్కపెట్టొచ్చు. మూడున్న గాడి కుదిరింది. రెండున్నది ఆకలి మీదుంది. నేను పారేసిన రాణిని ఎత్తి అందులో పెట్టాడా… ఇక రాణి, దాని ఇరుగుపొరుగు, నా చేతిలోంచి కదలవు. నా సెట్టు విరిగినా సరే. ముందు వాడిది చావాలి.

ఫిబ్రవరి 22
మళ్ళీ గెలిచా. వాడు నవ్వుతున్నాడు. ఓడి నవ్వేవాణ్ణి చూస్తే ఒళ్ళు మంట.

మార్చి 8
కప్పు ఫైనలు. మిగతావాళ్ళందర్నీ ఓడించి మిగిలింది మేమిద్దరమే. మూడాటల్లో రెండు గెలిచినవాడిది కప్పు, వారానికో ఆట. మొదటిది నాది. సంఘం సెక్రెటరీ భుజం తట్టాడు — "వాహ్ అంకుల్! స్టాండు ఇచ్చి మరీ ఆడిస్తున్నారు, దిల్ బడా హై!" అవును. బడా. పెద్ద మనసే.

మార్చి 15
రెండో ఆట. ఎనిమిది ఎత్తి రెండో గాడిలో పెట్టాడు. ఆటంతా ఆ గాడిలో రెండే. నా దగ్గరున్న ఎనిమిదులు రెండూ పట్టుకుని చచ్చా. నా చెయ్యి కుదరలేదు. ఇంతలో "షో" అన్నాడు.
వణికే వేళ్ళతో ఒక్కో ముక్కే తీశాడు. ఒకటి మొదటి గాడిలోంచి. ఒకటి నాలుగులోంచి. మళ్ళీ మొదటిలోంచి. పదమూడూ కలగాపులగంగా గుచ్చి, ఏది దేనికి జతో తలలో పెట్టుకుని ఆడాడు. నాకు ఫుల్ కౌంటు. చెరో ఆట.
"స్టాండు బాగుంది బావా. సూడ్డానికి నీకు, సూపించడానికి నాకు."
ఎన్నాళ్ళ నుంచి తెలుసు వీడికి?

మార్చి 16
వెళ్ళి అడిగా. నా చెక్క, నాకిచ్చెయ్యి. రవణమ్మ గుడ్డతో తుడిచి తెచ్చింది. టీ లేదు. అన్నయ్యా అననూ లేదు. వాడు మాత్రం — "తీస్కెల్లు బావా. ఆదివారం రా, మరిసిపోకు."
మా ఆవిడ స్టాండు చూసి "చేతుల్లేనోడి దగ్గర లాక్కొచ్చావా" అంది. అన్నం తిన్నా. బాగానే తిన్నా.

మార్చి 18
బస్సులో సెక్రెటరీ కలిశాడు. నాయుడు బట్టల బ్రష్షు తిరగేసి, కుచ్చుల్లో ముక్కలు గుచ్చి ఆడుతున్నాడట. "క్యా దిమాగ్ హై అంకుల్!"
ఇంటికొచ్చి మా బ్రష్షు తిరగేశా. గుచ్చా. నిలబడ్డాయి — పదమూడూ ఒకే బారు. ఎదురుగా కూర్చుని చూశా. వీపులు. అంతే. ఏది నిండిందో, ఏది ఆకలి మీదుందో… ఏమీ లేదు.

మార్చి 21
రవణమ్మ మా ఆవిడకి ఫోన్ చేసింది. స్పీకర్లో విన్నా. "బ్రస్సు కడిగి ఎండలో ఎట్టాను వదినా. రేపు నాలుగింటి ఆటకి ఆరిపోద్ది. అన్నయ్యని రమ్మను."
చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీకి వేలాడదీసింది మా ఆవిడ. వెళ్తానని నేను చెప్పలేదు.