యోబు భార్య గొంతు

ఫిబ్రవరి 6, మంగళవారం

చిన్నదానికి పెద్ద వేషం దొరికింది. వేషమంటే గొంతు వేషం. డబ్బింగ్ స్టూడియోలో ఇన్నాళ్లూ నా కూతురికి గుంపులో ఏడుపులు, పెళ్లింటి గోల, ఇలాంటివే ఇచ్చేవారు. ఇప్పుడు బైబిల్లో యోబు కథని సినిమాగా తీశారట. అందులో యోబు భార్యకి గొంతు దీనిదేనట. సంతోషించాను. అన్నం కలుపుతుంటే గుర్తొచ్చింది, పిల్లలందరూ చచ్చిపోయాక ఆవిడ మొగుడితో అనే మాట. దేవుణ్ణి తిట్టి చచ్చిపొమ్మంటుంది. కంచం పక్కన పెట్టాను. ఆ ఒక్కచోటా దగ్గేస్తే కుదరదా అని అడిగాను. దగ్గుకి వేరే ఆర్టిస్టుని పిలుస్తారులే అని నవ్వింది.

ఫిబ్రవరి 8

సినిమా కోసం అన్న మాట దేవుడి లెక్కలో పడుతుందా? బీపీ మాత్ర రెండుసార్లు మింగానేమో, అదొక టెన్షన్.

ఫిబ్రవరి 18, ఆదివారం

ఎలా పొక్కిందో పొక్కింది. మా గుడిగంట కొట్టే ఆవిడ నాకు వదిన వరస. అందరికీ గంట వదినే. తాడు వదిలాక కూడా మోగుతూనే ఉంటుంది. దేవుణ్ణి తిట్టే నోటితో చిన్నది సండేస్కూల్లో పసివాళ్లకి వాక్యం నేర్పడమేంటని స్త్రీల సమాజంలో లేవదీసింది. సంఘపెద్ద ఔనన్నాడు. పాస్టరు అయ్యగారు గోడమీద పిల్లి. సినిమా వచ్చాక అందరం చూసి తేలుద్దాం, అందాకా సండేస్కూల్ ఇంకొకరు చూస్తారన్నారు. చిన్నది క్లాసు తాళంచెవి ఇచ్చేసింది. ఒక్క మాట అనలేదు.

అదే నా భయం. దాని బిడ్డ పోయినప్పుడూ ఇలాగే నోరు మెదపకుండా గుడి మానేసింది. మళ్లీ ఆ మెట్లెక్కించింది ఈ పిల్లల క్లాసే. అది కూడా పోతే ఇక రాదు. దేవుడికీ కూతురికీ తగాదా అయితే నేనెవరి పక్కన కూర్చోవాలి?

మార్చి 10, ఆదివారం

చిన్నది ఈ వారం కూడా గుడికి రాలేదు. తలనొప్పి అంది. తలనొప్పులు ఆదివారాలే చూసుకుని వస్తాయి.

మార్చి 12

ఆ మాట చెప్పేసి వచ్చిందట. కోపంగా అనమన్నారట, దీనికి కోపం రాలేదట. మరెలా అన్నావే అంటే, పడుకో అమ్మా అంది. పడుకుంటే నిద్రొస్తుందా?

ఏప్రిల్ 13, శనివారం, సాయంత్రం

సినిమా చూసొచ్చాం. సంఘమంతా ఉదయం ఆటకి వెళ్లాం, చిన్నది తప్ప. గంట వదిన హాలు గుమ్మం దగ్గర చెప్పులు విప్పేసింది. టికెట్లు చింపే అతను వద్దన్నా వినలేదు. సంఘపెద్ద ఒళ్లో బైబిలు పెట్టుకుని, ఫోన్ లైటు వేసి, వచనం వచనం సరిచూస్తున్నాడు. లైటాపవయ్యా పెద్దాయనా అని వెనకనుంచి తిట్లు.

నేను మాత్రం ఆ మాట వస్తుంది, ఇప్పుడొస్తుంది అనుకుంటూ కూర్చున్నాను.

యోబు ఒళ్లంతా కురుపులతో బూడిదలో మోకాళ్లూని ప్రార్థన మొదలుపెట్టాడు. మావాళ్లందరూ టక్కున తలలు వంచి కళ్లు మూసుకున్నారు. అలవాటు. నేనూ మూసుకున్నాను. ఆయన ఆమేన్ అనలేదు. ఆమేన్ లేకుండా కళ్లెలా తెరుస్తాం? అలాగే ఉండిపోయాం.

ఆ చీకట్లో నా కూతురి గొంతు వినిపించింది. చచ్చిపోయిన పిల్లల్ని అన్నానికి పిలుస్తోంది. ఒక్కొక్కళ్లనీ. చివరివాడి దగ్గర గొంతు కాస్త పైకి లేచింది, వాడు దూరంగా ఆడుకుంటున్నట్టు. తర్వాత ఆ మాట అంది. తిట్టులా లేదు. నీ కష్టం చూళ్లేను, ఇక చాలు, నువ్వు కూడా వెళ్లిపో అని మొగుణ్ణి బతిమాలుతున్నట్టుంది. గంట వదిన నా మణికట్టు పట్టుకుంది. గాజు విరుగుతుందనుకున్నాను.

చివరికి సంఘపెద్దే గట్టిగా ఆమేన్ అన్నాడు. కళ్లు తెరిచేసరికి తెరమీద ఒంటెలు నడుస్తున్నాయి. ఆ సీనులో హీరోయిన్ మొహం మాలో ఒక్కరూ చూడలేదు.

ఇంటర్వెల్‌లో వదిన టీ తాగలేదు. అంది కదా, "ఆ పిల్లల్ని కన్నది ఆవిడే కదే వదినా. ఇన్నేళ్లూ ఆవిణ్ణి తిట్టుకుంటూనే చదివాం."

ఏప్రిల్ 14, ఆదివారం

గంట కొట్టకముందే వదిన అయ్యగారి దగ్గరికి వెళ్లింది. సంఘపెద్ద మాత్రం బైబిల్లో ఆ పిలుపులు లేవు, యోబు గడ్డం కూడా మరీ నీటుగా ఉంది అని ఇంకా గొణుగుతున్నాడు. అయ్యగారు గోడ దిగారు.

మధ్యాహ్నం వదినే తాళంచెవి పట్టుకుని మా ఇంటికొచ్చింది. సారీ చెప్పడం ఆవిడకి చేతకాదు. పిల్లలు నీకోసం ఏడుస్తున్నారే, ఆ క్లాసు నా వల్ల కావట్లేదు అంది. చిన్నది చెయ్యి చాపలేదు. బల్లమీద పెట్టండి అత్తా అంది.

ఏప్రిల్ 20

తాళంచెవి బల్లమీదే ఉంది. చుట్టూ దుమ్ము తుడిచాను, దాన్ని ముట్టుకోలేదు.

ఏప్రిల్ 21, ఆదివారం

పొద్దున లేచేసరికి లేదు. చిన్నదీ లేదు. చెప్పులూ లేవు.

ఏప్రిల్ 28

క్లాసులో పిల్లలు యోబు భార్య పేరేంటని అడిగారట. బైబిల్లో ఎక్కడా లేదంటే, పాపం కదా టీచర్ అని వాళ్లే ఒకటి పెట్టారట. సీక్రెట్ అట, నాకు చెప్పరు. ఇవాళ ఆవిడ కోసం ప్రార్థన చేశాను. చనిపోయినవాళ్ల కోసం చెయ్యొచ్చో లేదో అయ్యగారిని అడగలేదు.