అవ్వ తలకొక జల్లెడ గొట్టం

ధర్మవరం,
శుక్రవారం.

మా అర్షియాకు తాత దువా చేసి రాసేది. మేమందరం క్షేమం. ఈ మాట అలవాటుగా రాయడం లేదు, ఈసారి కనుక్కుని రాస్తున్నాను.

అవ్వ ఆపరేషన్‌కు ఒప్పుకుందా అని పోయిన ఉత్తరంలో అడిగావు. మెదడులో రక్తనాళం బుగ్గలా ఉబ్బిందని, పగిలితే మనిషి దక్కడం కష్టమని, లోపల సన్నతీగల అల్లిక గొట్టం పెడితే బుగ్గలోకి రక్తం దూకడం తగ్గి, పోనుపోను అది మూసుకుపోతుందని డాక్టరమ్మ చెప్పింది కదా. ఆమెకు చూపించుకుని హిందూపురం ఇంటికి తిరిగొచ్చినప్పటి నుంచి మీ అవ్వది ఒకటే పాట. "తల నొస్తే బామ్ పూసుకుంటారు గానీ, తలలో జల్లెడ పెట్టించుకుంటారా యాడన్నా?"

మీ ల్యాబులో ఇలాంటి గొట్టాన్ని నువ్వు పరీక్ష చేసి పంపిన వీడియో అర్థమైందా అన్నావు. నాకైతే నోరు తెరుచుకుంది. అద్దంలాంటి రబ్బరు నాళం, దానికో బుగ్గ, గుండెలా కొట్టుకునే పంపు. గొట్టం లేనప్పుడు రంగు బుగ్గలో దూరి సుడి తిరిగింది. పెట్టాక తన దారిన తాను పోయింది. మీ అవ్వ మాత్రం నావైపు ఎర్రగా చూసింది.

"ఏమయ్యా, నీళ్లు పోసి చూసినారా? నా రక్తం నీళ్లంత పల్చగా ఉండాదా?"

"నీళ్లు కాదే, గ్లిజరిన్ కలిపినారంట. రక్తమంత చిక్కగా అయ్యేదాకా కలుపుతారంట."

గ్లిజరిన్ అంటే నాకు పెనుకొండ నాటకాలే గుర్తు. కొడుకు పోయిన తండ్రి వేషం నాది. ఏడుపు రావాలని కళ్లకు అదే పూసేవాళ్లు. ఒకసారి ఎక్కువై, చచ్చిన కొడుకు లేచి మంగళం పాడుతున్నా నా ఏడుపు ఆగలేదు. జనం ఒకటే చప్పట్లు. సరే, అసలు సంగతికొస్తాను.

మీ అవ్వ మందులషాపు నుంచి గ్లిజరిన్ సీసా తెప్పించి, గిన్నెలో నీళ్లతో కలిపి, పాకం చూసినట్టు వేళ్ల మధ్య రుద్ది చూసింది.

"దగ్గరగానే ఉండాది. డాక్టరమ్మకు ఫోన్ చెయ్యి. పిల్లకు మాత్రం చెప్పొద్దు. తెలిసిందంటే నా గొట్టమే పరీక్ష చేస్తా కూచుంటాది. మిగతావాళ్లవి తలకాయలు కావా?"

పైన ధర్మవరం అని రాశాను చూడు, అది అబద్ధం. సఫియా చిన్నమ్మ ఇంట్లో ఉన్నామని నీకు చెప్పి చెప్పి, చెయ్యి దానంతటదే రాసేసింది. మేమున్నది బెంగళూరులోనే, మీ ల్యాబుకు రెండు వీధుల అవతల ఆసుపత్రిలో. ఆపరేషన్ మొన్ననే అయిపోయింది. బుగ్గ పూర్తిగా మూసుకోవడానికి నెలలు పడుతుందట. కానీ రంగు ఎక్కించి చూస్తే, నీ వీడియోలో మాదిరే సుడి తగ్గిందట. డాక్టరమ్మ తలుపు తీసి "బాగుంది తాతా" అనగానే, నాకు గ్లిజరిన్ లేకుండానే వచ్చేసింది.

తలనొప్పి ఎట్లుందన్నావు. ఆమెకు తగ్గింది, నాకు మొదలైంది. పప్పులో ఉప్పు లేదని పొద్దున్నుంచీ పోట్లాట. "ఈ గొట్టం నా మనవరాలు పరీక్ష చేసిందే" అని పక్క మంచం నీలావతమ్మతో గొప్పలు. నీ చేతి మీదుగా పోయింది కాదేమో అంటే వినదు. ఆ నీలావతమ్మ నువ్వు చేసేది రక్తపరీక్ష అనుకుని, తన షుగర్ చీటీ దిండు కింద సిద్ధంగా పెట్టుకుంది.

ఈ ఉత్తరానికి స్టాంపు లేదని గమనించే ఉంటావు. తెచ్చింది మీ యూనస్ మామ. నువ్వు చదివేదాకా మీ ల్యాబు గేటు దగ్గరే ఉంటానన్నాడు. పాపం ఎండలో నిలబెట్టక వాడితో వచ్చెయ్. అవ్వ ఉప్పు పొట్లం తెమ్మంది. తేవద్దు.

ఇట్లు,
నువ్వు వస్తావని ఆసుపత్రి మెట్ల దగ్గర నిలబడ్డ
మీ తాత మొహిద్దీన్ సాబ్