సముద్రాన్ని తిట్టిన ఆడోళ్లు

శుక్రవారం, రాత్రి

ఇయ్యాల డ్యూటీ లేదు. మా రూముల ఉండే రాజన్న పట్టువట్టి ఈ పరాయి దేశంల ముహర్రక్ అనే ఊర్ల పాత ఇండ్లు సూడనీకి తీస్కపోయిండు. ఒకటి ఎన్కట ముత్యాల షావుకారు ఇల్లట. ఆ తలుపుల మీది చెక్కుడు పని జూస్తే కన్ను తిప్పబుద్ధి గాలే.

అక్కడి వాచ్‌మన్ చాచా హిందీల ఓ ముచ్చట చెప్పిండు. ముత్యాలు ఏరనీకి సముద్రంలకు పోయిన మొగోళ్లు నెలలకొద్దీ రాకుంటే, ఆడోళ్లు ఒడ్డుకొచ్చి సముద్రాన్ని తిట్టేటోళ్లట, "ఇగ సాలు, మావోళ్లను పంపు" అని.

"మా ఇంట్ల తిట్లన్నీ నాకే" అన్నడు రాజన్న. మస్తు నవ్వినం.

క్యాంపుకొచ్చి ఫోన్ల ఇంటికాడున్న మా ఆమెకు గిదే చెప్పిన. నవ్వుతదనుకున్న.

"వాళ్లకు తిట్టనీకి సముద్రమన్న ఉండె. నేనెవర్ని తిట్టాలె?" అన్నది.

అన్నం తిన్నవా అని అడిగిన. రెండోసారి.