నాగపూర్ పెట్టెలో అమ్మ

నూజివీడు,
మే 6

ప్రియమైన అమ్మకు,

‘ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను’ అని మొదలుపెట్టబోతే పుష్పవతి టీచర్ అడ్డంగా కొట్టేశారు. క్షేమంగా లేకపోతే ఇంత తీరిగ్గా రాస్తావా, ఏం జరిగిందో రాయి అన్నారు. అందుకని జరిగిందే రాస్తున్నాను.

ఐదు పాసై ఆరులోకి వెళ్లేవాళ్లం పద్దెనిమిది మందిమి వచ్చాం. చర్చి పక్క హాల్లో పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా రాతే రాత. హైస్కూల్లో పేజీలకు పేజీలు రాయాలట, సెలవుల్లోనే చెయ్యి తిరగాలట. వారానికో ఉత్తరం ఇంటికి రాసి, జవాబు తెప్పించి టీచర్‌కి చూపించాలి. ఫోన్లో మాట్లాడితే కుదరదు. నీ జవాబు కాయల ఆటో యలమంద బాబాయ్‌కి ఇచ్చి పంపు. రోజూ నేనుంటున్న హన్నా పిన్ని ఇంటి ముందు నుంచే మార్కెట్‌కి వెళ్తాడు.

మే ముప్పై ఆఖరి రోజు. ‘మా ఇంట్లోవాళ్ల పని’ అని రాసింది అందరి ముందూ చదవాలి. చదివేటప్పుడు అమ్మో నాన్నో పక్కన నిలబడాలి. చార్లెస్ అనే అబ్బాయి ఉన్నాడు, వాళ్లమ్మ బ్యాంకు మేనేజర్. మీ అమ్మ ఏం చేస్తుందని నన్ను అడిగాడు. మామిడికాయల కంపెనీలో అని చెప్పాను.

అప్పటికి మీకు సీజను గట్టిగా ఉంటుంది కదా, రాలేకపోతే ఫరవాలేదు. పిన్ని నిలబడుతుందిలే. ఒకవేళ వస్తే మాత్రం చేతులు నిమ్మచెక్కతో బాగా రుద్దుకుని రా.

నీ కూతురు,
లేయా


చాట్రాయి తోట,
మే 9

నా బంగారు తల్లి లేయాకి,

నేను ఉత్తరం రాసి పన్నెండేళ్లయింది. పెళ్లికి ముందు మీ నాన్నకి రాసిందే ఆఖరిది. ఆయన జవాబు ఇంకా రాలేదు. అడిగితే, మనిషే వచ్చేశాడుగా, ఇంకా జవాబేంటి అంటాడు.

నీ ఉత్తరం షెడ్డులో పైకి చదివాను. మగ్దలేనమ్మత్త రెండుసార్లు చదివించుకుంది. ‘ఆ పిల్ల రాస్తుంటే ఎదురుగా కూర్చుని చెప్పినట్టుందే’ అంది. నీ వయసులో ఎండాకాలమంతా చెట్ల కింద రాలిన కాయలు ఏరాను నేను. మన ఇంట్లో ఎండాకాలం నీడపట్టున కూర్చుని రాసుకోమని చెప్పించుకున్న మొదటిదానివి నువ్వే. నాకెంత గర్వంగా ఉందో రాయడం నాకు చేతకావట్లేదు. అది కూడా మీ టీచర్ నేర్పుతారేమో అడుగు.

ముప్పయ్యో తారీఖు వస్తాను. లారీ ఆగితే ఆగుతుంది. నిమ్మచెక్క సంగతంటావా, సొన మరక నిమ్మకాయకి పోదు తల్లీ. సీజను అయ్యాక పై చర్మంతో పాటు ఊడిపోతుంది. అయినా రుద్ది చూస్తాలే.

పదిహేడు ఆదివారం పూజ అయ్యాక యలమంద ఆటో ఎక్కి తోటకి రా. చేపల పులుసు వండుతాను.

దేవుడు నిన్ను చల్లగా చూడాలి.
మీ అమ్మ,
జోజమ్మ


నూజివీడు,
మే 14

ప్రియమైన అమ్మకు,

నా వ్యాసం అయిపోయింది. నాలుగు తెల్ల ఠావుల మీద ఫెయిర్ రాశాను. ఒక్క కొట్టివేత లేదు. చార్లెస్ కూడా బాగుందన్నాడు. టీచర్ మాత్రం రెండుసార్లు చదివి, ‘తప్పు ఒక్కటి కూడా లేదు లేయా, కానీ ఇందులో మామిడికాయ వాసన రావట్లేదు. ఇంటికి తీసుకెళ్లి ఒకసారి చూసుకో’ అన్నారు. కాగితానికి వాసన ఎలా వస్తుందమ్మా? నాకు బాగా కోపం వచ్చింది.

ఈ పద్దెనిమిది మందిమీ ఒకే హైస్కూలు. ఆ రోజు ఏం చదివితే ఐదేళ్లూ నన్ను దాన్ని బట్టే చూస్తారు. అందుకే అంత జాగ్రత్తగా రాశాను. ఆదివారం తెస్తాను కానీ నువ్వు చదవకూడదు. ఆఖరి రోజు దాకా రహస్యం.

పులుసులో మామిడికాయ ముక్కలు వెయ్యి.

నీ కూతురు,
లేయా


చాట్రాయి తోట,
మే 19

నా తల్లి లేయాకి,

నీ సంచిలో వ్యాసం లేదని పిన్ని ఫోన్ చేసింది. తప్పు నాదే. పెట్టెల్లో కాయల కింద పరిచే పాత కాగితాల దొంతర పక్కనే నీ సంచి పెట్టనిచ్చాను. హడావుడిలో ఎవరో నీ ఠావులు వాటిల్లో కలిపేసి ఉంటారు. షెడ్డంతా వెతికాం. ఆ సాయంత్రం నాగపూర్ లారీకి నూట నలభై పెట్టెలు ఎక్కాయి. అందులో ఏదో ఒకదాంట్లో పోయి ఉంటాయి.

మీ టీచర్‌తో మా అమ్మ పోగొట్టిందని నా పేరే చెప్పు. నువ్వు మాట పడకు.

ఇంకా పదకొండు రోజులుంది. మళ్లీ రాయి. ఏం రాయాలో నేను చెప్పను, ఏడో తరగతితో ఆపేసినదాన్ని. ఆదివారం షెడ్డులో స్టూలు మీద మూడు గంటలు కూర్చున్నావు. కళ్లున్నాయి, చూశావు. మొదట రాసిందానికంటే బాగా రాస్తావని నాకు తెలుసు.

అన్నం సరిగ్గా తిను.
మీ అమ్మ,
జోజమ్మ


నూజివీడు,
మే 24

ప్రియమైన అమ్మకు,

ఈ ఉత్తరం మూడుసార్లు చింపి మళ్లీ రాస్తున్నాను. షెడ్డులో ఎవరి తప్పూ లేదు. ఆ ఠావులు పెట్టెలో పెట్టింది నేనే.

అందులో ఏం రాశానంటే, మా అమ్మ సూపర్‌వైజర్, ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని పెన్నుతో రాస్తుంది, చేతులు మెత్తగా తెల్లగా ఉంటాయి అని. చార్లెస్ వాళ్లమ్మని చూసి అలా రాయాలని మొదటి వారమే అనుకున్నాను. అది చదివేటప్పుడు నువ్వు పక్కన నిలబడితే అబద్ధమని అందరికీ తెలిసిపోతుందని మొదటి ఉత్తరంలో నిన్ను రావద్దన్నట్టు రాశాను. పనుందని కాదు.

ఆదివారం నాగపూర్ నుంచి వచ్చినాయన లోడు ఆపేశాడు కదా, లేత కాయ కలిసిందని. షెడ్డులో అంతమంది ఉండగా ‘జోజమ్మగారూ, మీరొచ్చి చూడండి’ అన్నాడు. నువ్వు కాయల వంక చూడను కూడా లేదు. ముచ్చిక పక్కన భుజాలు నిండాయో లేదో వేళ్లతో తడుముతూ, నాన్నతో మాట్లాడుతూనే పదకొండు కాయలు తీసి పక్కన పెట్టావు. ఆయన కోసి చూశాడు. పదకొండింటికీ కత్తి టెంకలోంచి దిగిపోయింది. మిగతావాటిలో రెండు కోస్తే టెంక గట్టిగా ఉంది, కత్తి ఆగిపోయింది. వెంటనే లోడు ఎక్కించమన్నాడు. నాన్న కాయలు కోసే చిక్కం కర్ర గోడకి ఆనించి, ‘మీ అమ్మ చెయ్యి పెడితేగానీ ఇక్కడ లారీ కదలదు’ అని నాతో అన్నాడు.

అప్పుడు నా సంచిలో ఉన్న అమ్మ మీద నాకు అసహ్యం వేసింది. నువ్వు నీళ్లు తాగడానికి వెళ్లినప్పుడు గుమ్మం దగ్గరి పెట్టెలో గడ్డి కింద ఆ కాగితాలు పెట్టి, పైన ఆరు కాయలు పేర్చాను. నువ్వు తప్పు నీదని రాసేసరికి ఏడుపొచ్చింది. టీచర్‌కి నీ పేరు చెప్పలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను.

కొత్తది రాశాను. ఇందులో కొట్టివేతలు చాలా ఉన్నాయి. నీకు నా మీద కోపం వస్తే రావద్దు. వస్తే మాత్రం నిమ్మచెక్క పెట్టొద్దు.

లేయా


చాట్రాయి తోట,
జూన్ 1

నా బంగారు తల్లి లేయాకి,

మొన్న హాల్లో నీతో ఒక్క మాటా మాట్లాడలేకపోయాను. నోరు తెరిస్తే ఏడుపొచ్చేలా ఉంది. అందుకని రాస్తున్నాను.

ఆ పెట్టెల మూతలు మూసి టేపు వేసేది నేనే. గుమ్మం దగ్గరి పెట్టె చూడగానే అది మా చేతి పని కాదని తెలిసింది. ఆరు కాయలూ ముచ్చికలు పైకి పెట్టావు. మా షెడ్డులో ఎవరూ అలా పెట్టరు, పై వరస కాయకి గుచ్చుకుంటుంది. తీసి చూస్తే కింద నీ అక్షరాలు. నువ్వు అటు తిరిగి మగ్దలేనమ్మత్తతో మాట్లాడుతుంటే, నాలుగు ఠావులూ అక్కడే చదివాను. బాధ కలగలేదని అబద్ధమాడను, బాగానే కలిగింది. కానీ ఆ కాగితాలు నువ్వు పారేసుకున్నవి కావు, వద్దనుకున్నవి. వద్దనుకున్నదాన్ని మళ్లీ చేతిలో పెట్టి ఇదేంటని అడిగితే నీకు తలెత్తే వీలుండదు. అందుకని కాగితాలు అక్కడే పెట్టి, కాయలు ముచ్చిక కిందికి తిప్పి, టేపు వేసేశాను. తర్వాత తప్పు నాదని రాశాను. షెడ్డులో ఎవరం ఏమీ వెతకలేదు.

మొన్న నువ్వు ‘మా అమ్మ నిలబడి పనిచేస్తుంది’ అని మొదలుపెట్టగానే చేతులు కొంగులో దాచుకున్నాను. నువ్వు చదవడం ఆపకుండానే కొంగులోంచి నా చెయ్యి లాగి, అందరికీ కనపడేలా పట్టుకున్నావు. పేజీ తిప్పడానికి కూడా వదల్లేదు, గడ్డంతో తిప్పావు. పదకొండు కాయల దగ్గరికొచ్చేసరికి వెనక బెంచీలో మీ నాన్న లేచి నిలబడ్డాడు. ఆయన ఇప్పటికీ జవాబు రాయలేదు కానీ, ఆ నిలబడడంతో సరిపెట్టుకున్నాను. చార్లెస్ వాళ్లమ్మ బయట నన్నాపి, ‘కాయ భుజాలు ఎలా చూడాలండీ, ఏటా మోసపోతున్నాను’ అని అడిగింది. చూపించాను. మీ టీచర్ నీ కాగితం ముక్కు దగ్గర పెట్టుకోవడం నువ్వు చూశావో లేదో.

నువ్వు ఆరులోకి వెళ్తున్నావు. అక్కడ మీ అమ్మ ఏం చేస్తుందని ఎవరడిగినా నీ దగ్గర ఇప్పుడు జవాబుంది. నాకది చాలు.

ఆ ఫ్యాను కింద జోజమ్మ ఈపాటికి నాగపూర్ చేరి ఉంటుంది. పాపం, కుర్చీలో హాయిగా కూర్చోనీ. ఇక్కడ పెద్దరసాలు దిగుతున్నాయి, యలమంద ఆటో హారన్ కొడుతున్నాడు. ఈ ఉత్తరం కూడా నిలబడే రాశాను.

మీ అమ్మ,
జోజమ్మ